మాజీ సైనికుల కుటుంబాలకు: ఆయన పోయాక వచ్చే పెన్షన్, ముందే సరిచూసుకోవలసిన కాగితాలు

ఈ సీజన్‌లో మామిడి తోటల్లోకి వెళితే పూత గురించీ తేనెమంచు పురుగు గురించీ అడుగుతారు. మొన్న ఒక అమ్మ మాత్రం వేరే సంగతి అడిగింది. ఆమె భర్త మిలిటరీలో చేసి వచ్చి, మూడెకరాల్లో బంగినపల్లి, చిన్నరసం పెంచాడు. సంక్రాంతికి ముందు చనిపోయాడు. పెన్షన్ ఆగిపోయింది. చేతిలో డబ్బు లేదు. "వ్యాపారి అడ్వాన్సు ఇస్తానంటున్నాడు, పూత మీదే తోట ఇచ్చేద్దామా సార్?" అని అడిగింది.

ఆగింది ఆయన పెన్షన్. ఆమెకు రావలసిన కుటుంబ పెన్షన్ ఆయన చనిపోయిన మరుసటి రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. కాగితాలు పూర్తవడానికి కొన్ని నెలలు పట్టినా ఆ నెలల బకాయి కలిపి ఇస్తారు. ఈ సంగతి తెలియక ఆ రెండు మూడు నెలల ఇబ్బందికే తోటను రెండేళ్ళకో మూడేళ్ళకో తక్కువకు రాసిచ్చేసిన ఇళ్ళు ఉన్నాయి. అంత అవసరమైతే సొసైటీలో పంట రుణమో, బంగారం మీద రుణమో తీసుకోండి. పూత మీద బేరం మాత్రం తొందరపడి చేయవద్దు.

ఎంత వస్తుంది?

సాధారణ కుటుంబ పెన్షన్ ఆయన చివరి జీతంలో 30 శాతం. లెక్కకు ఆ జీతం 40,000 అనుకుంటే 12,000, దాని మీద కరువు భత్యం. మొదట్లో కొంతకాలం 50 శాతం ఇస్తారు. సర్వీసులో ఉండగా చనిపోతే పదేళ్ళు. రిటైరయ్యాక చనిపోతే ఏడేళ్ళు, లేదా ఆయనకు 67 ఏళ్ళు నిండే వయసు వరకు, ఈ రెండింటిలో ఏది ముందైతే అది. 64వ ఏట పోతే ఆ ఎక్కువ రేటు మూడేళ్ళే. ఆ తర్వాత తగ్గినప్పుడు ఎవరో కోసేశారని కంగారుపడవద్దు. ఎంత తగ్గినా, కరువు భత్యం కాకుండా 9,000కు తక్కువ ఉండదు. మరణానికి సైనిక సేవే కారణమని తేలితే 60 శాతం. యుద్ధంలో మరణిస్తే చివరి జీతమంతా ఇస్తారు.

పని ఎక్కడ ఆగుతుంది?

పేరు దగ్గర. సర్వీసు రికార్డులో లక్ష్మి, ఆధార్‌లో మహాలక్ష్మి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పుట్టిన తేదీ మూడు చోట్ల మూడు రకాలు. ఇవి ఆయన బతికి ఉండగా సరిచేయించడం తేలిక, పోయాక చాలా కష్టం. కాబట్టి ఇంట్లో మాజీ సైనికుడు ఉన్న ప్రతివారూ ఈ వారమే పీపీవో బయటకు తీసి, అందులో భార్య పేరు ఉందా, ఆధార్‌తో సరిపోతుందా చూసుకోండి. రిటైరయ్యాక పెళ్ళి చేసుకున్నవారి భార్యకూ హక్కు ఉంది, కానీ రికార్డ్ ఆఫీసు ద్వారా పేరు చేర్పించాలి. మద్రాస్ రెజిమెంట్ వారికి అది వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీ వారికి నాసిక్‌లో ఉంది. పెన్షన్ బ్యాంకు ఖాతా భార్యాభర్తల జాయింటుగా ఉంటే మరీ మంచిది.

ఆయన చనిపోయాక మరణ ధృవీకరణ పత్రం తీసుకుని, స్పర్శ్ పోర్టల్‌లో మరణం నమోదు చేయించాలి. సీఎస్‌సీ సెంటర్లో చేస్తారు. ఆమె ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటో, పీపీవో నకలు వెంట తీసుకెళ్ళండి. చనిపోయాక ఆయన పేరున పడిన పెన్షన్‌ను వాడుకోవద్దు, తిరిగి వసూలు చేస్తారు. కుటుంబ పెన్షన్ మొదలయ్యాక ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. సాధారణంగా నవంబరులో, అంటే తోటలో పెద్దగా పని లేని రోజుల్లోనే.

మన నూజివీడు 2022 ఏప్రిల్‌లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. పాతవారి మాజీ సైనికుల రిజిస్ట్రేషన్ ఏ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉందో గుర్తింపు కార్డు మీద చూసుకుని అక్కడికే వెళ్ళండి, బస్సు ఛార్జీ మిగులుతుంది. భార్యకు వేరే గుర్తింపు కార్డు ఇచ్చేది ఆ కార్యాలయమే. హవల్దారు హోదా వరకు ఉన్నవారి కుటుంబాలకు కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం కూడా అక్కడి నుంచే. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు ఆ సాయం రెట్టింపైంది. ఇద్దరు పిల్లల వరకు చదువుకు నెలకు 2,000 చొప్పున, ఇద్దరు కూతుళ్ళ వరకు ఒక్కో పెళ్ళికి లక్ష. పెన్షనే లేని 65 ఏళ్ళు దాటిన వితంతువులకు నెలకు 8,000. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా లక్ష సాయం ఉంది. వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ కార్డు భర్తతోనే పోదు. కుటుంబ పెన్షన్ తీసుకునే భార్యకు అర్హత ఉంటుంది.

మళ్ళీ పెళ్ళి చేసుకుంటే సాధారణ కుటుంబ పెన్షన్ ఆమెకు ఆగి పిల్లలకు వెళుతుంది. పిల్లలు లేని వితంతువుకు వేరే ఆదాయం తక్కువగా ఉంటే కొనసాగుతుంది. యుద్ధంలో మరణించినవారి భార్యలకు నియమాలు వేరు.

విడాకుల సంగతి

ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని స్టాంపు కాగితం మీద రాసిన విడాకులు చెల్లవు. కోర్టు డిక్రీ లేకపోతే ఇరవై ఏళ్ళుగా పుట్టింట్లో ఉన్నా మొదటి భార్యే భార్య. కుటుంబ పెన్షన్ హక్కు ఆమెదే. ఆమె ఉండగా చేసుకున్న రెండో పెళ్ళి చట్టం ముందు నిలవదు. తోటలో కష్టపడింది రెండో ఆవిడే అయినా పెన్షన్ ఆమెకు రాదు. వినడానికి బాధగా ఉంటుంది, కానీ మభ్యపెట్టి చెప్పలేను.

కోర్టులో విడాకులు అయిపోతే ఆ భార్యకు కుటుంబ పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. అయితే ఆమె పిల్లల హక్కు పోదు. 25 ఏళ్ళు నిండేవరకు, పెళ్ళి లేదా సంపాదన మొదలయ్యేవరకు పెన్షన్‌లో వారికి వాటా ఉంటుంది. వీలునామా లేని స్వార్జిత భూమిలోనూ అంతే. విడాకులు పొందిన భార్యకు వాటా రాదు, ఆమె పిల్లలకు వస్తుంది. హిందూ వారసత్వ చట్టంలో భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి సమాన వాటాదారులు. పెన్షన్ భార్య పేరున వచ్చిందని తోట మొత్తం ఆమెదే అనుకోవడం, తోట పంచుకున్నారని పెన్షన్‌లోనూ మరుదులు వాటా అడగడం, రెండూ తప్పే. తహసీల్దారు దగ్గర తీసుకునే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం పట్టాదారు పాస్‌పుస్తకం మార్పుకూ కావాలి కాబట్టి రెండు మూడు నకళ్ళు తీసిపెట్టుకోండి.

భర్త సర్వీసులో ఉండి ఇంటికి డబ్బు పంపకపోతే, విడాకులు కాకముందే భార్య అతని యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకు అర్జీ పెట్టవచ్చు. విచారించి జీతంలో కోసి భార్యకూ పిల్లలకూ పంపే ఏర్పాటు సైనిక చట్టంలోనే ఉంది. విడాకుల తర్వాత, మళ్ళీ పెళ్ళి చేసుకోనంతవరకు, మేజిస్ట్రేటు కోర్టులో భరణం అడగవచ్చు. పాత చట్టంలో 125 సెక్షన్ అనేవారు, 2024 జూలై నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144.

తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్న విడాకులైన కూతురికీ దారి ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా బతికి ఉండగానే విడాకుల కేసు కోర్టులో వేసి ఉండాలి, సొంత ఆదాయం తక్కువగా ఉండాలి. తమ్ముళ్ళ పరువు కోసం కేసు వాయిదా వేసుకుంటూ పోతే ఈ హక్కు పోతుంది. వకీలు ఫీజుకు భయపడవద్దు. ఆదాయం ఎంత ఉన్నా ఆడవారికి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. మండల న్యాయ సేవా సంఘంలో తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసిస్తే చాలు.