జపాను యుద్ధసమాప్తి శాసనము - దాని భాష

1945వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీ మధ్యాహ్నము పండ్రెండు గంటలకు జపాను దేశప్రజలు తమ చక్రవర్తి హిరోహితో కంఠస్వరమును రేడియో మూలమున మొట్టమొదటిసారి వినిరి. ఆ ప్రసంగము సుమారు నాలుగున్నర నిమిషముల పాటిది. పెక్కుచోట్ల జనులు లేచి నిలిచి, తలలు వంచి ఆలకించిరి. అయినను వినినవారిలో ననేకులకు దాని తాత్పర్యము బోధపడలేదు. యుద్ధము ముగిసినదని కొందఱు గ్రహించిరి. ఇంకను పట్టుదలతో పోరాడుడని ప్రభువు ఆజ్ఞాపించుచున్నాడని కొందఱు తలచిరి. ధ్వనియందలి అస్పష్టత ఇందుకు కొంత కారణము; భాష అంతకంటె పెద్ద కారణము.

ఆ కాలమున జపానునందు రాజశాసనములు ప్రాచీన చీనా గ్రంథముల పదజాలముతో నిండిన గ్రాంథికమున వ్రాయబడుచుండెను. చక్రవర్తి తన్ను గుఱించి చెప్పుకొను సర్వనామము సైతము ఇతరులు వాడరానిది. అట్టి రచనను కంటితో చదువునపుడు చిత్రాక్షరము అర్థమును సూచించును. చెవితో వినునపుడు ఆ సాయము లేదు. భిన్నార్థములుగల చీనాపదములు పెక్కులు ఒకే ధ్వనితో వినబడును.

ఆ యుద్ధపు తుదిదినములయందు పదములు తెచ్చిన చిక్కు ఇదియొక్కటియే కాదు. జూలై 26వ తేదీన అమెరికా, బ్రిటను, చీనా దేశములు పాట్స్‌డామ్ ప్రకటన గావించి, జపాను సేనలు ఏ నిబంధనయు లేక లొంగవలెనని కోరెను. 28వ తేదీన ప్రధానమంత్రి సుజుకి కంతారో విలేఖరులకు ప్రత్యుత్తరమిచ్చుచు "మొకుసత్సు" అను పదమును వాడెను. "మౌనముచే చంపుట" యని దాని అవయవార్థము. పలుకక యూరకుండుట, తృణీకరించుట యను రెండర్థములును దానికి చెప్పవచ్చును. లోకము రెండవ యర్థమునే గ్రహించెను. ఈ యొక్క పదమే హిరోషిమాను దహించెనని కొందఱందురు. అది సరికాదు, అణుబాంబు ప్రయోగమునకు ఉత్తరువు జూలై 25వ తేదీననే వెలువడియుండెను. అయినను సంకటసమయమున ద్వ్యర్థిపదము ఎంత అపాయకరమో దీనివలన తెలియుచున్నది.

ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపైనను, 9వ తేదీన నాగసాకిపైనను అణుబాంబులు పడెను. 8వ తేదీన సోవియట్ రష్యా పాట్స్‌డామ్ ప్రకటనలో చేరి జపానుపై యుద్ధము ప్రకటించెను. 14వ తేదీన మంత్రుల సమక్షమున చక్రవర్తి ఆ ప్రకటనను అంగీకరింప నిశ్చయించెను. శాసనపాఠమును మంత్రివర్గ ప్రధానకార్యదర్శి సకోమిజు హిసత్సునె సిద్ధపఱచెను. చీనా వాఙ్మయమున పండితులగు కవాడ మిజుహో, యసుఓక మసహిరోలు అందుకు తోడ్పడిరి. రానున్న తరములకెల్ల శాంతిమార్గము తెఱచుట యను భావము సుంగ్ వంశకాలపు తాత్త్వికుడగు చాంగ్ త్సాయ్ వాక్యమునుండి గ్రహింపబడి అందు చేరెను.

మంత్రివర్గమున వాదములు పదములను గుఱించియే సాగెను. యుద్ధస్థితి దినదినము చెడుచున్నదను మూలవాక్యమునకు సైన్యమంత్రి అనామి కొరెచికా సమ్మతింపలేదు. యుద్ధగతి అనుకూలముగా మాఱినదని నిశ్చయముగా చెప్పజాలమను భావముగల మెత్తని మాట దానికి బదులు నిలిచెను. ధర్మము విధించినది యను అర్థమున యసుఓక సూచించిన "గిమెయ్" అను పదము మంత్రులకే దుర్బోధమగుటచే తొలగింపబడి, కాలగతి యను అర్థముగల "జియున్" చేర్చబడెను. ధర్మనిర్ణయముగా చెప్పదలచినది కాలమునకు వశమగుటగా మాఱెనని యసుఓక పిమ్మట విచారించెను. లొంగుబాటు అను మాట శాసనమున నెచ్చటను లేదు. నాలుగు రాజ్యముల ప్రకటనను అంగీకరించితిమని వారికి తెలుపుడని ప్రభుత్వమును ఆజ్ఞాపించినట్లు మాత్రము కలదు. ఆ ప్రకటన నెఱుగని సామాన్యుడు దీనినుండి ఏమి గ్రహింపగలడు?

ఆ రాత్రి చక్రవర్తి శాసనమును రెండుమార్లు చదువగా గ్రామఫోను రికార్డులపై ముద్రించిరి. యుద్ధము సాగింపదలచిన కొందఱు సైనికోద్యోగులు రాజప్రాసాదమును ఆక్రమించి ఆ రికార్డులకై వెదకిరి; అవి వారికి చిక్కలేదు. అనామి ఆ వేకువను ఆత్మహత్య చేసికొనెను. ఇంత సంకటమున కాపాడబడిన వాక్యములు ప్రజల చెవులకు చేరియు మనస్సులకు చేరలేదు. రేడియో ప్రసారకుడు వాడ నొబుకత శాసనమును మరల చదివి, తత్సంబంధమగు వార్తలను వినిపించిన పిదపనే పెక్కురకు ఓటమి స్పష్టమయ్యెను.

సెప్టెంబరు 2వ తేదీన టోక్యో అఖాతమున మిస్సోరి యుద్ధనౌకపై లొంగుబాటు పత్రమున సంతకములు జరిగెను. నూతన రాజ్యాంగరచన ఆరంభమైనపుడు ఈ భాషాప్రశ్న మరల లేచెను. 1889 నాటి రాజ్యాంగము గ్రాంథికమున నుండెను. 1946 మార్చిలో రచయిత యమమోతో యూజో మొదలగువారు క్రొత్త రాజ్యాంగము వ్యావహారికభాషలో నుండవలెనని ప్రభుత్వమును కోరిరి. ఏప్రిలు 17వ తేదీన చిత్తుప్రతి ఆ రీతినే వెలువడెను. నవంబరు 3వ తేదీన ప్రకటింపబడి, 1947 మే 3వ తేదీనుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క భాషయు నదియే. 1946 నవంబరులోనే నిత్యవ్యవహారమునకు 1,850 చిత్రాక్షరముల పట్టిక నిర్ణయింపబడెను.

ఇందువలన ఆ శాసనము నిరర్థకమని చెప్పరాదు. భరింపరానిదానిని భరింపవలెనను దాని బోధ జపానీయుల స్మృతియందు నేటికిని నిలిచియున్నది. కాని వాక్యము స్మరణీయమగుట వేఱు, విన్నంతనే తెలియుట వేఱు. ప్రజల ప్రాణములకు సంబంధించిన వార్తను చెప్పునపుడు రెండవ గుణమే ముందు కావలయును.