మాయాబజార్ (రంగుల రూపం)

మాయాబజార్ రంగుల రూపం అనగా విజయా సంస్థ 1957లో నిర్మించిన నలుపు తెలుపు పౌరాణిక చిత్రమునకు కంప్యూటర్ల సాయంతో రంగులద్ది, శబ్దమును మెరుగుపరచి తయారుచేసిన ప్రతి. మూలచిత్రమునకు ఏబది ఏండ్లు నిండిన 2007లో హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ ఈ పనికి పూనుకొన్నది. ఈ ప్రతి 2010 జనవరి 30న థియేటర్లలో విడుదలైనది. మూలచిత్రము, రంగుల ప్రతి అచ్చంగా ఒకటి కావు. పిల్లలకు ఇంట్లో ఈ చిత్రం చూపదలచినవారు ఈ భేదమును గమనించవలసి ఉన్నది.

మూలచిత్రము

మాయాబజార్ తెలుగులో 1957 మార్చి 27న విడుదలైనది. తమిళంలో కూడా అదే సంవత్సరం వచ్చినది. దర్శకుడు కె.వి.రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రికి చెందినవాడు. నిర్మాతలలో ఒకరైన బి.నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో జన్మించాడు. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, ఎస్.వి.రంగారావు ముఖ్య పాత్రధారులు.

శశిరేఖాభిమన్యుల కథ వ్యాసభారతంలో లేదు. ఇది జనశ్రుతిలో పుట్టి నాటకాల ద్వారా వ్యాపించినది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో ఆరంభమైన సురభి నాటక సమాజాలకు మాయాబజార్ పేరు తెచ్చిన ప్రదర్శనలలో ఒకటి. రంగస్థలంపై మాయలు చూపించుట వారి ప్రత్యేకత. ఆ మాయలనే కెమెరాతో చేసి చూపుట వలన పిల్లలకు ఈ చిత్రం మిక్కిలి ప్రీతిపాత్రమైనది. ఘటోత్కచుడు ఒక్కడే పెళ్ళివంటలన్నీ ఆరగించుట, కంబళి, తల్పం వాటంతట అవే కదలుట, శశిరేఖ రూపంలోనున్న ఘటోత్కచుడు లక్ష్మణకుమారుని ఏడిపించుట మొదలైనవి ఇందుకు ఉదాహరణలు.

రంగులద్దు విధానము

సినిమా సెకనుకు 24 చిత్రాల చొప్పున నడుస్తుంది. మూలచిత్రం నిడివి సుమారు 184 నిమిషాలు. అనగా ఇందులో దాదాపు 2 లక్షల 65 వేల చిత్రాలు ఉన్నవన్నమాట. ఇటువంటి పనిలో ముందుగా నెగెటివును స్కాన్ చేసి కంప్యూటరులోనికి ఎక్కిస్తారు. గీతలు, మరకలు తొలగిస్తారు. పిదప ముఖము, చీర, నగ, గోడ మొదలైన ప్రతిదానికి విడివిడిగా రంగు నిర్ణయించి, అది కదలినంతసేపు ఆ రంగు చెదరకుండ చూస్తారు. మాయాబజార్ విషయంలో శబ్దమును కూడా డి.టి.ఎస్. పద్ధతిలోనికి మార్చారు.

భేదములు

రంగుల ప్రతిలో కొన్ని భాగాలు తొలగించి నిడివి తగ్గించారు. రెండవ భేదం వెలుగునీడలకు సంబంధించినది. బార్ట్‌లే తన దీపాలను నలుపు తెలుపుల కొరకే అమర్చుకొన్నాడు. నౌకావిహారంలోని వెన్నెల పూర్తిగా ఆ వెలుగునీడల కల్పనయే. దానిపై రంగు చేరినప్పుడు అందం తగ్గినదని కొందరు, పిల్లలను ఆకట్టుకొనుటకు రంగు అవసరమని మరికొందరు అంటారు. నలుపు తెలుపు బొమ్మ కనబడగానే ఛానల్ మార్చే పిల్లలను ఈ కథ వద్ద కూర్చోబెట్టుటకు రంగుల ప్రతి పనికివచ్చిన మాట నిజం.

ఇంటిలో మాయాబజార్

చిత్రంలో ప్రియదర్శిని అను పెట్టె ఒకటున్నది. మూత తెరచి చూచినవారికి తమకు ప్రియమైనది అందులో కనబడుతుంది. వీడియో క్యాసెట్టు, వి.సి.డి., డి.వి.డి., అంతర్జాలము వరుసగా వచ్చిన తరువాత మాయాబజార్ కూడా అటువంటి పెట్టెలోనికే చేరినది. అయితే ఇంట్లో చూచు ప్రతులన్నీ సంపూర్ణమైనవి కావు. నిడివి మూడు గంటలకు పైగా ఉన్నదా లేదా అని చూచినచో పూర్తి ప్రతిని సులభంగా గుర్తించవచ్చును. అసమదీయులు, తసమదీయులు, వీరతాళ్ళు వంటి పింగళి వారి మాటల చమత్కారం అంతా తెలియవలెనన్న పూర్తి ప్రతిని చూచుట మేలు.

పరిరక్షణ

1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద ప్రతి ఒక్కటి కూడా నేడు లభించుట లేదు. మాయాబజార్‌కు రంగులద్దుట సాధ్యమైనది నెగెటివు మిగిలియున్నందువలననే. కావున రంగుల రూపమును మూలమునకు తోడుగా భావించవలెనే గాని దానికి బదులుగా కాదు. రంగులు మరల ఎప్పుడైనా అద్దుకొనవచ్చును. మూలం పోయినచో తిరిగి రాదు.