అటకమీది డబ్బు

చేతిలో ఎర్ర ఏగానీ లేదని మనం రోజుకు ఎన్నిమార్లు అనుకుంటామో లెక్కలేదు. తీరా ఆ ఎర్రనిది ఒకటి చేతిలో పడితే, అదేమిటో పోల్చుకోగలవారు ఊరికి ఒకరైనా ఉంటారా అన్నది అనుమానమే. నాకూ ఆ శక్తి లేదు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడిని. నాణేల శాస్త్రంతో నాకు పనేమిటి? అయినా మొన్న వేసవిలో బాపులపాడులో నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ పని నా నెత్తిన పెట్టాడు.

వాళ్ళది పాత పెంకుటిల్లు. కప్పు మార్చడానికి అటక ఖాళీచేస్తూ ఉంటే, మూత బిగుసుకుపోయిన మరచెంబు ఒకటి దొరికింది. సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి మూత తీస్తే, లోపల గుడ్డపేలికలో రెండు బిళ్ళలు. ఒకదానిమీద శ్రీరామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818, ఒక అణా అన్న అక్షరాలు. రెండోది రాగిది, పెద్దది, బాగా అరిగినది.

కుర్రవాడి కళ్ళు మొదటిదానిమీదే ఉన్నాయి. ఫోనులో ఎవరో తగిలారట. రాముడి అణాకు విదేశాలలో లక్షలు పలుకుతాయనీ, కొనేవాణ్ణి తాను చూపిస్తాననీ, ముందుగా రిజిస్ట్రేషనుకింద కొంత సొమ్ము కట్టాలనీ చెప్పారట. ఆ "కొంత" ఎంతో తెలుసునా? ఆ యేడు మామిడితోట కౌలు సొమ్ములో సగం! రసాలు కోతకు రాకముందే కౌలుదారు ఇచ్చిన డబ్బు బీరువాలో ఉంది. సోమవారం కడతానన్నాడు. నేను వెళ్ళినది శనివారం.

"మాస్టారూ, ఇది అసలుదేనని మీరొక్క మాటంటే చాలు," అన్నాడు.

ఆ ఒక్క మాట అనడానికే నాకు నోరు రాలేదు. తెల్లదొరలు మన దేవుణ్ణి నాణెంమీద వేస్తారా అని కొట్టిపారేద్దామంటే, అదీ కుదరదు. చెన్నపట్నంలో కుంఫిణీవారు కొట్టించిన వరహాలమీద మన దేవుళ్ళు ఉన్నారు. దేవేరులతో కూడిన వేంకటేశ్వరుణ్ణి వేసిన బంగారు నాణేన్ని మూడు స్వాముల వరహా అనేవారు. వ్యాపారం జరగాలంటే జనం నమ్మే ముద్ర కావాలి కదా! కాబట్టి రాముడు తప్పు కాదు. తప్పు అణాలో ఉంది. అణా అన్నది లెక్కలో ఉన్నదేగాని, కుంఫిణీవారు 1818లో ఒక అణా అని అక్షరాలు చెక్కిన ఇటువంటి నాణెం వేయలేదు. ఏడవ ఎడ్వర్డు బొమ్మతో నికెలు కలిపిన అంచుల అణా వచ్చేసరికి 1907వ సంవత్సరం అయింది. మరి 1818లో అణా ఎక్కడనుంచి ఊడిపడుతుంది? ఇవి పూజాగృహాలకోసం, తీర్థాలలో అమ్మకంకోసం తరువాతి కాలంలో ఎవరెవరో పోతపోసినవి. దేశమంతటా ఇటువంటివి కుప్పలుగా ఉన్నాయి.

కుర్రవాడి ముఖం వాడిపోయింది. "పోనీ, ఆ ఫోను చేసినవారు రిజర్వు బ్యాంకు అనుమతి ఉందన్నారు మాస్టారూ," అన్నాడు. పాత నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదనీ, దానికోసం రుసుము వసూలుచేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకువారే 2021 ఆగస్టులో ప్రకటించారు. ఆ ప్రకటన చూపించాను. వాడు మాట్లాడలేదు.

అప్పుడు రాగిబిళ్ళ చేతిలోకి తీసుకున్నాను. తళతళా మెరుస్తున్నది. నాకు గుండె జారింది. వాళ్ళ నాయనమ్మ దాన్ని చింతపండూ ముగ్గుపిండీ వేసి బిందెను తోమినట్లు తోమింది! పాత రాగికి పట్టిన ఆ నల్లని పొరే దాని రక్ష. అది పోతే అక్షరాలూ దానితో పోతాయి.

భూతద్దంతో చూడగా ఒకవైపు గుండెకాయ ఆకారం, దాని తలమీద నాలుగు అంకె, లోపల అడ్డగీతల మధ్య వి, ఇ, ఐ, సి అనే ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి.

"వి అంటే విక్టోరియా రాణి కాబోలు?" అన్నాడు కుర్రవాడు.

విక్టోరియా పుట్టినదే 1819లో. లాటిను పద్ధతిలో యు అక్షరాన్ని వి లాగా చెక్కేవారు. అది "యునైటెడ్"; సంయుక్త ఈస్టిండియా కంపెనీ అని. సరుకు మూటలమీద కుంఫిణీవారు వేసుకునే గుర్తే అది. బేరగాడి మూటముద్ర తిన్నగా నాణెంమీదికి ఎక్కిందన్నమాట! రెండోవైపు కుంఫిణీ లాంఛనం, ఇంగ్లండు రాజు, పార్లమెంటుల అండతో అనే లాటిను వాక్యం. వీటితోపాటు అసలు గుట్టు విప్పే మాట ఒకటి: రూపాయికి 48.

రూపాయికి 48 అంటే అణాకు మూడు. ఈ లెక్క ఉత్తర సర్కారులది. మొగలు పాదుషా ఫర్మానాతో 1765లో కుంఫిణీకి దక్కిన సీమలు ఇవి. నూజివీడూ, బందరూ, ఈ బాపులపాడూ అందులోవే. ఇక్కడి చలామణీకోసమే ఈ నాణేలను 1794లోనూ, 1797లోనూ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వేయించారు. అక్కడ సోహో అనేచోట మాథ్యూ బౌల్టన్ టంకశాల ఉండేది. ఆవిరియంత్రం మెరుగుపరిచిన జేమ్స్ వాట్ ఆయన భాగస్వామి. సుత్తితో కొట్టిన మన నాటు నాణెం ఒకపక్క లావు, ఒకపక్క పలుచన. ఆవిరియంత్రం కొట్టినది చక్రంలాగా గుండ్రం. ఇది అదే. తూచి చూస్తే తులానికి కొంచెం పైన ఉంది. దీనిలో సగం బిళ్ళ కూడా ఉండేది, రూపాయికి 96.

తరువాత 1803లో, 1808లో వచ్చిన ఇరవై కాసుల బిళ్ళలుకూడా పాత ఇళ్ళలో దొరుకుతుంటాయి. వాటిమీద పారసీ లిపి ఉంటుంది. 1808 నాటివి టన్నులకొద్దీ మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరందగ్గరే మునిగిపోయింది. మన చెంబులోనిది సముద్రం దాటి క్షేమంగా వచ్చింది, చింతపండునే దాటలేకపోయింది. సంవత్సరంలో 179 వరకు తెలుస్తున్నది. చివరి అంకె నాలుగో, ఏడో ఇక ఎవరూ చెప్పలేరు.

"దీనిపేరేమిటి నాయనా?" అని అడిగింది నాయనమ్మ.

"డబ్బు," అన్నాను.

ఆమె నవ్వింది. పరిహాసం కాదు. ఇవాళ మనం సొమ్ము అనే అర్థంలో వాడే డబ్బు ఒకనాడు ఇటువంటి రాగినాణెం పేరే. ఇంగ్లీషువారు దాన్ని డబ్ అని వ్రాసుకున్నారు. నాణెం పోయింది, పేరు మిగిలింది. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతూ ఆ మాటను కొన్నివేలసార్లు వాడి ఉంటాను. దాన్ని చేత్తో పట్టుకున్నది మాత్రం ఆనాడే.

"లక్షలు వస్తాయా?" అన్నాడు కుర్రవాడు, ఆశ చావక. రావు. ఇటువంటివి చాలా మిగిలి ఉన్నాయి, పైగా ఇది తోమినది. అటకమీద దొరికింది గనుక పేచీ లేదు. అదే నేలలో దొరికి, విలువ పదిరూపాయలు దాటితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

సాయంత్రం బయలుదేరుతుంటే నాయనమ్మ బుట్టెడు చిన్నరసాలు కారులో పెట్టించింది. కౌలు సొమ్ము బీరువాలోనే ఉందని కుర్రవాడు వీధిగుమ్మందగ్గర మెల్లిగా చెప్పాడు.

"రాముడి బిళ్ళ పూజలో పెట్టుకుంటాను నాయనా. దీన్ని మాత్రం ఇక తోమనులే," అన్నది ఆమె, రాగిడబ్బును మళ్ళీ అదే గుడ్డపేలికలో చుడుతూ.