చప్పట్లు – మైదానం

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. నిజామాబాదు ఆమె పుట్టిన ఊరు. జూన్‌లో బడి తెరవగానే చెరకుసీమగా పేరొందిన బోధన్ ప్రాంతపు పిల్లలు సైతం ఆమెను సొంత అక్కవలె తలచుకొని పొంగిపోయారు. అభిమానం మంచిదే. కాని అది ఆలస్యంగా వస్తుంది. 2011లోనే, పదునాలుగేండ్ల ప్రాయంలో, ఆమె టర్కీలో జూనియర్ ప్రపంచ స్వర్ణం సాధించింది. నాడు ఆమె వెంట మైదానానికి నడిచినవారు తండ్రి జమీల్ అహ్మద్.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె ప్రీక్వార్టర్ ఫైనల్లో ఓడినపుడు మా వరండాలో ఆ ఊసే లేదు. చూచి మాత్రమే ఆనందించేవారికి గెలుపు చాలు. ఒక్కసారైనా బరిలో దిగి ఓడినవారికే ఓటమి వెనుకనున్న శ్రమ తెలుస్తుంది. ఆ అనుభవాన్ని అందించవలసినది బడి. మేమేమి చేశాము? పరీక్షలు సమీపించగానే ఆటల పీరియడ్లను పాఠాలకు మళ్ళించాము. వ్యాకరణం బోధించే నేనూ అందుకు మినహాయింపు కాను.

ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలిక లేచి, "సార్, నిఖత్ అక్క ఫోటో గోడకు పెట్టారు గదా, మమ్మల్ని ఆడుకోవడానికి ఎందుకు పంపరు?" అని అడిగింది. నాకు బదులు తోచలేదు. సంధి సూత్రాన్ని సగంలో ఆపి తరగతిని బయటకు పంపాను. మైదానంలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది.