గురివింద గింజ - గ్రీకు ద్రాక్మా: శాతవాహన నాణేల తూనిక ప్రమాణాలు

నాణెంపై ముద్రించిన రాజు పేరు ఆ నాణెం ఎవరిదో చెబుతుంది. దాని బరువు మాత్రం ఆ రాజ్యం ఎవరితో లావాదేవీలు నడిపిందో సూచిస్తుంది. ఏలూరు సమీపంలోని పెదవేగి మొదలు ఆకివీడు దాకా విస్తరించిన కొల్లేటి సీమలో ప్రాచీన నాణెం దొరికినప్పుడు లేఖనంతో పాటు తూనికనూ పరిశీలించవలసి ఉండడానికి కారణమిదే.

తెలుగునాట కంసాలులు బంగారాన్ని గురివింద గింజల ఎత్తుతో తూచేవారు. భారతదేశపు తొలి వెండి నాణేలైన విద్ధాంక నాణేలకూ ఆ గింజే ఆధారం. ముప్పైరెండు గింజల ఎత్తు ఒక కార్షాపణం. నేటి లెక్కలో దాదాపు 3.4 గ్రాములు. అమరావతి నిధిలో లభించిన ఇటువంటి నాణేలను పరమేశ్వరీలాల్ గుప్తా పరిశీలించి 1963లో గ్రంథంగా ప్రకటించారు.

శాతవాహనుల వెండి నాణేలు ఈ దారిలో నడవలేదు. గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి, యజ్ఞశాతకర్ణుల ముఖచిత్రం గల వెండి నాణేలు సుమారు 2 గ్రాములు తూగుతాయి. ఇది పశ్చిమ క్షాత్రపుల ప్రమాణానికి దగ్గరిది. గ్రీకుల అట్టిక్ ద్రాక్మా దాదాపు 4.3 గ్రాములు కాగా, భారతదేశంలో స్థిరపడిన గ్రీకు రాజులు తమ ద్రాక్మాను సుమారు 2.45 గ్రాములకు తగ్గించుకున్నారు. అపొల్లొడొటస్, మినాండర్ల పాత ద్రాక్మాలు భరుకచ్ఛంలో ఇంకా చెలామణిలో ఉన్నాయని ‘పెరిప్లస్’ చెబుతున్నది. క్షాత్రపులు అందుకున్నది ఆ సంప్రదాయాన్నే. నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో 1906లో బయటపడిన 13 వేలకు పైగా నహపానుని నాణేలలో అధికభాగంపై గౌతమీపుత్రుడు తన ముద్ర వేయించాడు. ఓడిన రాజు నాణేన్ని కరిగించకుండానే వాడుకోగలిగాడంటే, ఆ తూనిక అప్పటికే బజారుకు అలవాటైనదని భావించవచ్చు.

అదే రాజుల సీసపు నాణేల సంగతి వేరు. తూర్పు ఆంధ్రంలో విరివిగా లభించే వీటి బరువుల్లో ఎంతో తేడా ఉంటుంది. వీటి విలువ లోహంలో కాక ముద్రలో ఉండడమే ఇందుకు కారణం కావచ్చు. కాబట్టి సీసపు నాణేల సగటు తీసి ‘ప్రమాణం’ అని నిర్ణయించడం తొందరపాటే అవుతుంది.

అంకెలు సరిపోయినంత మాత్రాన సంబంధం రుజువు కాదు. క్రీ.శ. 64లో నీరో రోమన్ దెనారియస్ బరువును తగ్గించాడు. పౌనుకు 84 వచ్చేవి 96 అయ్యాయి. ఫలితంగా ఒక్కొక్కటి సుమారు 3.4 గ్రాములకు దిగింది. అది సరిగ్గా కార్షాపణపు తూనికే! అయినా గురివింద లెక్క అంతకు శతాబ్దాల ముందటిది.

అందువల్ల దొరికిన నాణేన్ని శుభ్రం చేయక ముందొకసారి, చేసిన తర్వాత మరొకసారి తూచి, లోహాన్నీ అరుగుదలనూ దొరికిన చోటునూ నమోదు చేయాలి. పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం నిర్దేశిస్తున్నది. వెండికైతే ఆ విలువ సులభంగా వస్తుంది. సీసపు నాణేన్ని మాత్రం చెరువు తవ్వేవారు నాణెంగా గుర్తించకపోతే, కరిగించి వలకు కట్టే గుండుగా వాడుకోవడానికి అడ్డేమీ ఉండదు.