పక్షుల ఛాయాచిత్రములు: వెలుగు కొలత, వెలుగునీడల అంతరము

చెరువుగట్టు చెట్టుపై తెల్లని కొంగయు, నల్లని నీటికాకియు ప్రక్కప్రక్కనే కూర్చుండుట సామాన్యముగ కనిపించు దృశ్యము. కంటికి రెండును స్పష్టముగనే కనిపించును. కాని కెమెరాతో తీసిన చిత్రములో తరచుగ కొంగ ఈకలు తెలియని తెల్లని మచ్చగనో, నీటికాకి కన్నైనను కానరాని నల్లని ముద్దగనో మిగులును.

ఇది అందమునకు కలిగిన లోపము మాత్రమే కాదు. పెద్ద తెల్లకొంగను, మధ్యరకపు తెల్లకొంగను వేరుచేయు గుర్తులలో నోటి మూలనుండి వెనుకకు పోవు సన్నని గీత ముఖ్యమైనది. పెద్ద కొంగలో ఆ గీత కంటిని దాటి వెనుకకు సాగును. మధ్యరకములో కంటి క్రిందనే ఆగిపోవును. ముఖభాగము వెలుగులో కరగిపోయినచో గీతయు పోవును. అట్టి చిత్రము పక్షుల లెక్కకు సాక్ష్యముగ పనికిరాదు.

కెమెరా ఎట్లు పొరబడును?

కెమెరాలోని వెలుగు కొలమానము స్థూలముగ ఒక ఊహపై పనిచేయును. ఎదుటి దృశ్యము సగటున తనపై పడిన వెలుగులో సుమారు 18 శాతమును తిరిగి పంపు బూడిదరంగు వస్తువని దాని లెక్క. పక్షి కన్నును గుర్తించు నేటి కెమెరాలు కూడ ఈ లెక్కలో తప్పుట కలదు.

కొంగ చిత్రమంతయు నిండియున్నచో, కొలమానము ఆ తెలుపును బూడిదరంగునకు దించును. అప్పుడు వెలుగును ఒక మెట్టు పెంచవలెను. ఒక మెట్టు అనగా వెలుగును రెట్టింపు చేయుట, లేక సగము చేయుట. అదే కొంగ దూరమున నల్లని నీటిపై చిన్నదిగ కనిపించినచో, కొలమానము చీకటి నీటిని చూచి వెలుగును పెంచును; కొంగ తెల్లగ మాడిపోవును. ఇప్పుడు ఒక మెట్టు తగ్గించవలెను. పక్షి ఒకటే, దిద్దుబాటు మాత్రము తలక్రిందులైనది. కారణము వెనుకనున్న దృశ్యము.

నిండిన కుండ

కెమెరాలోని సిలికాన్ ఫలకముపై లక్షలకొలది సూక్ష్మమైన గళ్లుండును. వెలుగు పడినకొలది ప్రతి గడియు విద్యుదావేశమును కూడబెట్టుకొనును. నిండిన కుండలో పోసిన నీరు నిలువనట్లే, నిండిన గడిపై పడిన వెలుగునకు లెక్క ఉండదు. అందుచే మాడిన తెలుపులో ఈకల జాడను తరువాత ఏ ఉపాయముచేతను రప్పించలేరు. కొంత చీకటిగ వచ్చిన భాగమును పైకి తేవచ్చును గాని, గరుకుతనము హెచ్చును. కనుక ముందుగ కాపాడవలసినది తెలుపును.

అంతరము ఎంత?

తెల్లని ఈక వెలుగులో 80 శాతమును, నల్లని ఈక 4 శాతమును తిప్పి పంపుననుకొందము. అంతరము 20 రెట్లు. నల్లని పక్షి నీడలో నుండి, దానికి ఎండలో ఎనిమిదవ వంతు వెలుగే అందినచో అంతరము 160 రెట్లగును. అనగా ఏడు మెట్లకు మించును. మంచి నిగనిగలాడు కాగితముపై అచ్చయిన తెలుపునకును నలుపునకును అంతరము సుమారు 100 రెట్లు మాత్రమే. దృశ్యము కాగితములో ఇమడదు.

దీనికి మొదటి మందు యంత్రములో లేదు, వేళలో ఉన్నది. ఉదయపుటెండ వాతావరణములో ఎక్కువ దూరము ప్రయాణించి వచ్చుటచే మెత్తబడును. పక్షి ప్రక్కభాగముపై సూటిగ పడును. నడిమధ్యాహ్నమున వీపు మండును, పొట్ట నీడలో నుండును. పలుచని మబ్బు కూడ మేలే చేయును.

ఆచరణలో

మంచి ఎండలో సూక్ష్మగ్రాహ్యత 400 ఉంచినచో, ద్వారము 16 వద్ద సెకనులో 400వ వంతు సామాన్య వస్తువులకు సరిపోవును. ద్వారమును 8కి తెరచినచో వెలుగు నాలుగు రెట్లగును. కనుక కాలము 1600వ వంతునకు తగ్గును. ఎగురు పక్షికి ఇది అనుకూలము. తెల్లని పక్షికైనచో 3200వ వంతు మేలు. ఎండ మారనంతవరకు ఈ అంకెలను మార్చనక్కరలేదు. కొంగ నీటిపై నుండి ఆకాశములోని కెగిరినను దానిపై పడు ఎండ ఒక్కటే గదా!

ఒక చిత్రము తీసి, కెమెరా చూపు వెలుగు పంపిణీ రేఖను పరీక్షించవలెను. అది కుడి అంచునకు చేరువగ నుండి, అంచును తాకి తెగకుండినచో తెలుపు భద్రము. నీడను పోగొట్టుటకై గూళ్లయొద్ద మెరుపుదీపము వాడుట మాత్రము తగదు. బెదరిన తల్లి లేచిపోయినచో గ్రుడ్లును పిల్లలును ఎండకును కాకులకును చిక్కును. వేళ కుదరనినాడు చిత్రమును వదలుకొని, మరునాటి ఉదయమునకై వేచియుండుటయే మంచి పద్ధతి.