అరచేతిలో పట్టే ఇన్‌ఫ్లేటర్‌తో ట్రాక్టర్ టైర్‌కి గాలి: 150 పీఎస్ఐ అంకె చూసి కొనకండి

డిసెంబర్‌లో ఊరెళ్లినప్పటి సంగతి. కోతలైపోయి ధాన్యం బస్తాలు కల్లంలోనే ఉన్నాయి. టీవీలో తుఫాను హెచ్చరికలు. తెల్లారి చూస్తే ట్రాక్టర్ ముందు టైరు బాగా దిగిపోయింది. పంచర్ షాపు 6 కిలోమీటర్ల దూరం, తెరిచేది తొమ్మిదింటికి. నా బ్యాగులో బైక్ కోసం కొన్న కార్డ్‌లెస్ ఇన్‌ఫ్లేటర్ ఉంది. బయటికి తీస్తే నాన్న నవ్వి, "సైకిల్‌కి కొట్టుకోరా దాంతో" అన్నారు.

నాది 2000 ఎంఏహెచ్ సెల్స్ రెండున్న మోడల్. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో 150 పీఎస్ఐ అని, మూలన చిన్నగా నిమిషానికి 12 లీటర్లు అని ఉంది. మనకి అసలు కావాల్సింది ఆ మూలన ఉన్న అంకే!

ముందు టైరు (6.00-16): పాస్

14 నుంచి 30 పీఎస్ఐకి ఐదు నిమిషాలు పట్టింది. సబ్బు నీళ్లు పోసి చూస్తే వాల్వ్ దగ్గర సన్నగా లీక్. పిన్ను బిగిస్తే ఆగింది. మధ్యాహ్నానికి బస్తాలు కొనుగోలు కేంద్రానికి చేరాయి, వాన రాత్రికి పడింది. నాన్న మళ్లీ సైకిల్ మాట ఎత్తలేదు.

వెనక టైరు (13.6-28): ఊహించని పాస్

చూడ్డానికి భయమేస్తుంది గానీ, పొలంలో మా బండికి కావాల్సింది 12 పీఎస్ఐ మాత్రమే. లోపల పట్టేది సుమారు 215 లీటర్లు. వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ కాబట్టి, ఒక్కో పీఎస్ఐ పెంచడానికి దాదాపు 15 లీటర్ల గాలి చాలు. 8 నుంచి 12కి ఏడు నిమిషాలు పట్టింది. పూర్తిగా దిగిపోయిన టైరైతే మాత్రం దీంతో పెట్టుకోకండి.

ట్రక్కు టైరు (9.00-16): ఫెయిల్

వెనక టైరు కంటే చిన్నదే, కానీ లోడుకి 50 పీఎస్ఐ కావాలి. 20 దగ్గర మొదలుపెడితే 36కి వచ్చేసరికి పన్నెండు నిమిషాలైంది. పైపు చెయ్యి పెట్టలేనంత కాలింది, మెషిన్ దానంతటదే ఆగిపోయింది. 150 పీఎస్ఐ కొట్టగలగడం వేరు, వంద లీటర్ల టైర్‌ని నింపే ఓపిక ఉండటం వేరు.

నేను చేసిన తప్పు

ఉత్సాహం ఆగక బాబాయ్ ట్రాక్టర్ మీద కూడా ప్రయోగం చేశా. పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపిస్తారని తెలుసు, ఆ క్షణంలో మర్చిపోయా. వాల్వ్ కింద వైపు ఉండగానే పైపు బిగించా. నీళ్లు మెషిన్‌లోకి ఎగదన్ని మీటర్ పోయింది. నీళ్లున్న టైర్‌కి వాల్వ్ పైకి వచ్చేలా బండిని కాస్త జరిపాకే పైపు పెట్టాలి.

కొనాలా?

వారానికోసారి గాలి చూసుకుని రెండు మూడు పీఎస్ఐ కలపడానికి, ముందు టైర్లకి, బైక్‌కి అయితే హాయిగా కొనొచ్చు. ట్రక్కు కోసమైతే ట్రాక్టర్ బ్యాటరీకి క్లిప్పులు పెట్టుకునే 12 వోల్టుల డబుల్ సిలిండర్ కంప్రెసర్ చూడండి. ఏది కొన్నా ముందు లీటర్లు చదవండి, పీఎస్ఐ తర్వాత. లోడుతో నేలకి అతుక్కుపోయిన టైర్‌కి మాత్రం దేంతోనూ గాలి కొట్టకండి. ముందు లోడు దించి, జాకీ పెట్టండి.

మీటర్ పోయిన నా పీస్ ఇప్పుడు నాన్న దగ్గరుంది. విడిగా ఒక గేజ్ కొనిచ్చా, దాంతో కొలుచుకుంటూ వాడుతున్నారు.